అత్తమ్మ వంతు నీళ్లు

మొన్న మా మనవరాలు నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఒక ఆసుపత్రిలో ప్రసవించింది. చూడటానికి వెళ్లేసరికి దిండుకు ఆనుకుని, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో నీళ్ల సీసా పట్టుకుని కూర్చుని ఉంది. ఆ సీసా మీద పైనుంచి కిందికి గీతలు, గీత గీతకూ ఒక అంకె. నర్సు వచ్చి సీసా ఎత్తి చూసి, "ఏందమ్మా, ఇంక సగం గూడ తాగలె? రోజుకు మూడు లీటర్లు తాగాలె. లేకుంటె పాలెట్ల పడ్తయ్?" అని కసిరి వెళ్లింది. మనవరాలు మూతి ముడిచి, "గిన్ని నీళ్లు తాగలేక సస్తున్న నానమ్మా" అంది. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పసిబిడ్డను ఒకసారి ఎత్తుకుని, మళ్లీ తల్లి పక్కన పడుకోబెట్టి, వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నోరు ఒక్కసారిగా ఎండిపోయింది. పక్కనే కుళాయి ఉన్నా లేచి వెళ్లి తాగాలనిపించలేదు.

ఇన్నేళ్లుగా నేను రాసిన కథల్లో నా పుట్టినూరు వర్ని కాలువలు వచ్చాయి, మా బాపు వరిమడులు వచ్చాయి, బోధన్ బజారు వచ్చింది. మా అత్తమ్మ గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. బోధన్‌లో మా వాడకట్టు వాళ్లు ఇప్పటికీ నేను కనబడితే, "అత్తను గట్ల సూసుకున్న కోడలు మల్ల పుట్టది" అంటారు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది. ఆమెను ఎలా చూసుకున్నానో, ఎందుకలా చూసుకున్నానో ఇప్పుడు చెబుతాను. చదివేవాళ్లు ఇందులో పశ్చాత్తాపం వెతకొద్దు. అది నాకు లేదు.

నాకు ఊహ తెలిసేనాటికే అమ్మ లేదు. బాపు నన్ను వర్నిలోనే పెంచి, ఏడో తరగతి అయ్యాక బోధన్‌లో ఇచ్చి పెళ్లి చేశాడు. మా ఆయన పేరు లింబాద్రి. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. అత్తమ్మ పుట్టినూరు భీమ్‌గల్. అక్కడి లింబాద్రి గుట్ట మీది దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని కొడుక్కి ఆ పేరు పెట్టుకుంది. ఆయన తర్వాత సావిత్రి అని ఒక కూతురు, అందరికంటే చిన్నవాడు ఇంకో కొడుకు. మామ అప్పటికే పోయాడు. ఇల్లంతా అత్తమ్మ మాట మీద నడిచేది. ఫ్యాక్టరీ భోంగా మోగిందంటే మాకు తెల్లవారినట్టే. చలికాలం మొదలయ్యాక చెరకు బండ్లు ఇంటిముందు నుంచి వరుసగా కదిలేవి, ఎద్దుల మెడల్లో గంటలు పొద్దంతా వినబడేవి. గానుగాట సాగినన్నాళ్లూ చెరకు మడ్డి వాసన ఊరిని వదిలేది కాదు. తీపీ కాని, కుళ్లూ కాని ఆ వాసన ఆరేసిన చీరల్లోనూ వండిన అన్నంలోనూ ఉండేది. కొత్తలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత తర్వాత వర్ని పోయినప్పుడు ఆ వాసన లేకపోతే ఏదో వెలితిగా ఉండేది.

అత్తమ్మ పొడుగు మనిషి. నడిస్తే అడుగుల చప్పుడు వినబడేది కాదు. వక్కాకు నములుతూ వంటింటి గడప మీద కూర్చునేది. ఆ ఇంట్లో నీళ్ల పెత్తనం ఆమెది. మాకూ పక్కింటివాళ్లకూ కలిపి ఒకటే బావి. తాగే నీళ్లు తానే తోడి, తానే బట్టతో వడగట్టి, కుండల్లో నింపేది. చెంబు కుండకు తగిలిన చప్పుడు వినబడితే చాలు, "ఎవలది?" అని లోపలికి తొంగి చూసేది. నిలబడి తాగితే తిట్టేది, మిగిల్చి పారబోస్తే మరీ తిట్టేది. కొత్త కోడలిగా ఆ పద్ధతి చూసి ముచ్చటపడ్డాను కూడా. తల్లి లేని పిల్లకు ఇల్లంటే ఇలా ఉంటుందేమో అనుకున్నాను.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలంటారు. నాకు పుట్టింట్లో చేసేవాళ్లెవరు? బాపు వచ్చి అత్తమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడితే, "సరె, గీడనే కానియ్యుండ్రి, ఏంజేస్తం" అంది. ఎండాకాలం. గానుగాట ఆగిపోయే రోజులు. ఆడపిల్ల పుట్టింది. నన్ను నడింట్లో కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టి, మంచం కింద కుంపటి పెట్టారు. ఎల్లిగడ్డ కారం, వాము, మిరియాలు కలిపిన వేడి అన్నం ముద్ద పెట్టారు. తిన్నాక నీళ్లడిగితే అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"బాలింతకు నీళ్లియ్యద్దు. సన్ని గొడ్తది. పొట్టల నీరు పడ్తది."

"ఒక్క బుక్కెడు అత్తమ్మా. దూపకు నాలిక అంటుకపోతుంది."

"అంటుకపోదు. గింత వాము నములు."

పొద్దుకో గుక్క, మాపుకో గుక్క, కాచిన వాము నీళ్లు. అంతే. దాహమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మొదట నోరు ఎండుతుంది. తర్వాత మాట ఎండుతుంది. ఆ తర్వాత మనిషికి ఇంకేమీ పట్టదు, పక్కన బిడ్డ ఏడుస్తున్నా వినబడదు. ఎక్కడో ఎవరో బావిలో చేద వేసిన చప్పుడు మాత్రం వినబడుతుంది. స్నానం పోయించేటప్పుడు తల మీంచి కారే వేడినీళ్ల కోసం నోరు తెరిచాను. అత్తమ్మ చూసి, అరచేత్తో నా నోరు మూసింది. స్నానం అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. ఆ చేతి వక్కాకు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

పక్కింట్లో ఉండే మెహరున్నిసా ఖాలాకు నా సంగతి అర్థమైంది. వాళ్లది బోధన్‌లో ఎప్పటినుంచో ఉన్న కుటుంబం, ఆమె భర్తకు బజారులో బెల్లం దుకాణం. అత్తమ్మ బావి దగ్గరికి పోయినప్పుడు ఖాలా కిటికీలోంచి చెయ్యి చాపి, నీళ్లలో ముంచిన ఓణీ కొంగు నా నోటికి అందించేది. నేను దాన్ని పిండి పిండి చప్పరించేదాన్ని. రెండో రోజో మూడో రోజో అత్తమ్మ చూసింది. ఖాలాను ఏమీ అనలేదు. కిటికీ రెక్కలు మూసి గడియ పెట్టింది. ఆ గది చీకటయిపోయింది.

నాకు జ్వరం వచ్చింది. పాలు పడలేదు. పడ్డ కాసిన్ని కూడా ఎండిపోయాయి. బిడ్డకు ఆవుపాలు దూది వత్తితో పిండారు. అది తాగలేకపోయింది. ఏడ్చి ఏడ్చి ఏడుపు కూడా సన్నబడిపోయింది. తొట్టెల్లో వేసి పేరు పెట్టే రోజు రాకముందే పోయింది. పేరు లేకుండా పోయింది కాబట్టి నేను ఇన్నేళ్లుగా దాన్ని 'బిడ్డ' అనే తలుచుకుంటాను. బాపు వర్ని నుంచి వచ్చి గోడకానుకుని కూర్చుని ఏడిచాడు. మా ఆయన డ్యూటీకి పోయాడు, ఎక్కడికి పోవాలో తెలియక. అత్తమ్మ కుంపటి ఎత్తి బయటపెడుతూ, "ఆడపిల్లనే గద. మల్ల పుడ్తరు తియ్యి" అంది.

నీళ్లు ఇవ్వకపోవడం వల్లే పోయిందా? ఆ మాట ఖాయంగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజుల్లో ఎంతోమంది బాలింతలను అలాగే ఉంచేవారు, ఎంతోమంది పిల్లలు బతికారు కూడా. నేనూ అదే సర్దిచెప్పుకున్నాను. పెద్దల పద్ధతి, ఆమెకు తెలిసింది ఆమె చేసింది అనుకున్నాను. ఆ మరుసటి ఏడు సావిత్రి కాన్పుకు రాకపోయి ఉంటే, బహుశా అలాగే అనుకుంటూ బతికేదాన్ని.

సావిత్రికి మగపిల్లవాడు. అదే నడిల్లు, అదే మంచం. కిటికీ మాత్రం తెరిచే ఉంది. కాన్పయిన మరునాడు అత్తమ్మ వంటింట్లోంచి నన్ను పిలిచింది. పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి. వాటిని చెంబులో వంచి, బట్ట కప్పి, నా చేతికిచ్చింది.

"గిది తీస్కపోయి సావిత్రికియ్యి."

నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. "ఎన్ని ఇయ్యాలె అత్తమ్మా?"

"అడిగినన్ని ఇయ్యి. దవాఖానల చేసే నర్సమ్మ జెప్పింది, నీళ్లు తాగితెనే పాలు పడ్తయంట."

తీసుకుపోయి ఇచ్చాను. సావిత్రి చెంబెత్తి గటగటా తాగింది. గొంతు మీద చర్మం కదలడం చూస్తూ నిలబడ్డాను. "ఇంకిన్ని తేపోవే వదినా" అంది. తెచ్చాను. ఆమె బాలింత రోజులు అయ్యేదాకా రోజంతా నేనే మోశాను ఆ చెంబు. సావిత్రి మీద నాకు కోపం లేదు, పాపం ఆమెకేం తెలుసు? నేను అత్తమ్మ వైపు చూసేదాన్ని. ఒక్కసారైనా తల తిప్పుకుంటుందేమో, ఒక్కసారైనా నా కళ్లలోకి చూడలేకపోతుందేమో అని. ఆమె నిమ్మళంగా వక్కాకు నములుతూ మనవణ్ణి ఒళ్లో ఊపుకుంటూ కూర్చునేది. ఆమెకు గుర్తు కూడా లేదు. ఆ రోజే నాలో ఏదో గడియ పడింది. ఈ మనిషిని నా చేతుల్లో దేవుడు ఒక్కసారి పెడితే చాలు అనుకున్నాను. గుడికి పోయినప్పుడల్లా అదే మొక్కుకున్నాను.

దేవుడు ఆలస్యం చేశాడు కాని మర్చిపోలేదు. ఈలోగా నాకు కొడుకు పుట్టాడు, వర్నిలో, బాపు దగ్గర. కాన్పుకు బోధన్‌లో ఉండనని మొండికేసి వెళ్లి, దూరపు వరస మేనత్తను బతిమాలి పిలిపించుకుని, కడుపునిండా నీళ్లు తాగాను. తిరిగొచ్చి అత్తమ్మకు వండిపెట్టాను, బట్టలుతికాను, అన్నం తిన్నాక చేతుల మీద నీళ్లు పోశాను. పోసిన ప్రతిసారీ బిడ్డ గుర్తొచ్చేది. పైకి ఒక్క మాట అనలేదు. కొడుకు బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాది అత్తమ్మ పాదాలు ఉబ్బాయి. తర్వాత పిక్కలు, తర్వాత పొట్ట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆమెను బస్సులో నిజామాబాద్ తీసుకుపోయాం.

డాక్టరు ఆమె కాలి మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. "గుండె కమ్జోర్ అయింది. ఒంట్ల నీరు నిలబడుతుంది. గోళీలు రాస్త గని, అసలు మందు మీ చేతులనే ఉంది. రోజు మొత్తానికి లీటరు. నీళ్లు, చాయ్, మజ్జిగ, చారు, అన్ని కలిపి లీటరే. ఉప్పు బంద్."

"లీటరంటె సేరే గద డాక్టర్ సాబ్?" అన్నాడు మా ఆయన. కొత్త కొలతలు వచ్చి చాలా రోజులైనా అందరి నోళ్లలో ఇంకా సేర్లే ఉండేవి.

"సేరు సంగతి మర్చిపో. లీటరు నీళ్లు కిలో తూగుతయ్. ఒక సీస వెట్టుకోండ్రి. పొద్దుగాల నింపుండ్రి. గదే ఆమె రోజు."

బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆమె పక్కన. బయట చెరకు తోటలకు కాలువ నీళ్లు పారుతున్నాయి. ఆమె వాటినే చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను.

ఇంట్లో ఉన్న సీసా ఒకటే. మా ఆయన డ్యూటీకి పట్టుకుపోయే అల్యూమినియం సీసా. మిలిటరీవాళ్ల సీసాలా ఒకపక్క బోర్లపొట్ట, ఒకపక్క లోపలికి నొక్కుకుపోయి ఉండేది. పైన ఖాకీ కంబళి తొడుగు, భుజాన వేసుకోవడానికి పట్టీ. లోపల ఎన్ని నీళ్లున్నాయో బయటికి తెలియదు. "గిది లీటరు సీసనే. ఫ్యాక్టరీల అందరం గట్లనే అంటం" అని ఆయన దాన్ని కడిగి, నింపి, తల్లి మంచం పక్కన మేకుకు తగిలించాడు. అత్తమ్మ అందులోంచి గ్లాసులో వంచుకుని తాగేది. సాయంత్రానికి అయిపోయేది, గొణిగేది, కాని ఓర్చుకునేది. అయినా వాపు తగ్గలేదు. మళ్లీ నిజామాబాద్ పోతే డాక్టరు కాలు నొక్కి మా మొఖాల వంక చూశాడు.

"ఎక్కువిస్తున్నరా?"

"లేదు సాబ్. ఆ సీస ఒక్కటే" అన్నాడు మా ఆయన. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

తిరిగొచ్చేటప్పుడు నా ఆలోచనంతా ఆ సీసా మీదే. ఆయన డబ్బా మర్చిపోయినప్పుడు అన్నంతో పాటు ఆ సీసా మోసుకుని ఫ్యాక్టరీ గేటు దాకా ఎన్నోసార్లు నడిచాను. పట్టీ భుజాన్ని కోసేది. అది వట్టి కిలో బరువు కాదు. ఆమె మీద ప్రేమ ఉన్నవాళ్లెవరికీ ఆ అనుమానం వచ్చి ఉండదు. నాకొచ్చింది. ఆమెకు రావలసిన దానికంటే ఒక్క చుక్క ఎక్కువ అందుతోందన్న ఆలోచనే నన్ను కూర్చోనియ్యలేదు.

మరునాడు సీసా, ఇంట్లోని స్టీలు గ్లాసు, బిందెడు నీళ్లు పట్టుకుని ఖాలా వాళ్ల బెల్లం దుకాణానికి పోయాను. మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. ఆమె భర్త నమాజుకు పోతే ఖాలా కూర్చుని ఉంది.

"తరాజు ఇస్తవా ఖాలా, నీళ్లు తూస్త."

"నీళ్లా? నీళ్లెవరన్న తూస్తర బేటీ, కొంటర ఏమన్ననా?" అని నవ్వింది. ఇప్పుడు బస్టాండులో సీసా నీళ్లు కొని తాగుతూ ఆమె మాట గుర్తుచేసుకుంటాను.

ఖాళీ సీసాను ఒక తక్కెట్లో పెట్టి, రెండో తక్కెట్లో ముల్లు నిలువుగా నిలబడేదాకా బెల్లం ముక్కలు వేశాను. అట్లా సీసా బరువు లెక్కలోంచి పోయింది. తర్వాత సీసాను మూతి దాకా నింపి మళ్లీ పెట్టాను. బెల్లం ముక్కల పక్కన కిలో రాయి వేశాను. సీసా లేవలేదు. ఇంకో పావుకిలో రాయి వేశాను. ముల్లు కదిలి, ఊగి, నడిమధ్య నిలబడింది. కిలోంబావు. అంటే లీటరుంబావు నీళ్లు. రోజూ పావు లీటరు ఆమె ఎక్కువ తాగుతోంది. నమ్మకం కుదరక ఇంకోసారి తూచాను. అదే వచ్చింది. స్టీలు గ్లాసును కూడా అలాగే తూచాను. అంచు దాకా నింపితే సరిగ్గా పావుకిలో. ఆ గ్లాసును చేతిలో పట్టుకుని నవ్వాను. ఖాలా నవ్వడం ఆపి నా మొఖం చూసింది. కిటికీలోంచి తడి కొంగు అందించిన మనిషికి నా మనసులో ఏముందో ఒకరు చెప్పాలా?

"మనసుల అంత వెట్టుకోకు బేటీ."

"డాక్టర్ జెప్పిన లెక్క ఖాలా. గంతే."

మరునాటి పొద్దున సీసా నిండా నీళ్లు పట్టి అత్తమ్మ ముందు నిలబడ్డాను. కావాలంటే వంటింట్లోనే తక్కువ పట్టి తేవచ్చు. అలా చెయ్యలేదు. ఆమె చూస్తుండగా సీసా వంచి గ్లాసు అంచు దాకా నింపాను. వాకిట్లోకి పోయి ఆ గ్లాసెడు నీళ్లూ కనకాంబరం చెట్టు మొదట్లో పోశాను. తిరిగొచ్చి సీసా మేకుకు తగిలించాను.

"గదేంది, నా నీళ్లు పారవోసినవ్?"

"నీయి గావు అత్తమ్మా. నీ లీటరు గీండ్ల ఉన్నయ్."

ఆ రోజు నుంచి చాయ్ ఇస్తే సీసాలోంచి అంత తీసేదాన్ని, చారు పోస్తే అంత తీసేదాన్ని. తాగేనీళ్ల కుండలు నా గదిలోకి మార్చాను. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నానికే ఆమె సీసా అడుగంటేది. ఖాళీ సీసాను చెవి దగ్గర ఊపి చూసుకునేది. "ఒక్క బుక్కెడు పొయ్యవే గంగామణీ. నాలిక అంటుకపోతుంది" అనేది. నేను ఆమె పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ వినేదాన్ని. ఆమె అన్న ఒక్కొక్క మాటా నేను అన్నదే. ఏమీ దాచుకోకుండా చెబుతున్నాను, ఆ మధ్యాహ్నాలు నాకు పండుగల్లా ఉండేవి. దాహమైతే నేను లోపలికిపోయి చెంబుతో ముంచుకుని, ఆమెకు చప్పుడు వినబడేలా తాగేదాన్ని.

మా ఆయన భరించలేకపోయాడు. "అమ్మనే గద, ఓ గ్లాసు తాగితె ఏమైతది?" అని నాతో కొట్లాడేవాడు. ఆయనకు తెలుసు, నాకు ఆ బిడ్డ ఎంత గుర్తుందో. అందుకే గట్టిగా అనలేకపోయేవాడు. డ్యూటీ నుంచి వస్తూ బయటినుంచి సోడాలు, చెరకురసం తెచ్చి నాకు తెలియకుండా తాగించాడు. ఒకరోజు పొద్దున్నే అత్తమ్మకు ఊపిరాడలేదు. పెదవులు నల్లబడ్డాయి. పడుకోలేక, కూర్చోలేక, నోరు తెరిచి గాలి కోసం ఎగబీల్చింది. జీపు మాట్లాడుకుని నిజామాబాద్‌కు పరుగెత్తాం. దారంతా ఆమెను నా భుజానికి ఆనించి పట్టుకున్నాను, చెమటకు నా రైక తడిసిపోయింది. అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు. ఏడుస్తున్న మాట నిజమే. ఆమె ఇంత తొందరగా తప్పించుకుపోతుందేమోనని ఏడ్చాను. నాకు ఆమె ఇంకా కావాలి.

సూది వేశాక, ఊపిరి కుదుటపడ్డాక, డాక్టరు బయటికి వచ్చాడు.

"ఎవలు తాపిండ్రు?"

మా ఆయన తలొంచుకున్నాడు. "నేనే సాబ్. అడుగుతుంటె పానం ఆగలె."

"గిట్ల ఇంకొక్కపారి పానం ఆగకపోతె మీ అమ్మ మిగలది. ఎవలు కొలిసి ఇస్తున్నరు?"

నేను ముందుకొచ్చాను. సీసా సంగతి, తూకం సంగతి, గ్లాసు సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "ఇగ ఈమెకు నీళ్లిచ్చుడు ఈ అమ్మ చేతుల్నే ఉండాలె. ఇంకెవ్వలు ముట్టద్దు" అన్నాడు. నా పగకు డాక్టరు మొహరు ముద్ర వేసిచ్చాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, ఇంట్లో ఇద్దరమే ఉన్న ఒక మధ్యాహ్నం, అత్తమ్మ అడిగేసింది. మంచం మీద లేచి కూర్చుని, "నువ్వు అది మనసుల వెట్టుకోని చేస్తున్నవ్" అంది.

చేటను కింద పెట్టాను. "అవ్. వెట్టుకున్న."

"నేను కావాల్నని చేసిన్నానె? నన్ను మా అత్త గట్లనే ఉంచింది. నేనోర్సుకోలేదా?"

"మరి సావిత్రికి? సావిత్రి ఎందుకోర్సుకోలె?"

నేను ఎదురుచూశాను. ఆ జవాబు కోసం ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను, ఇంకాసేపు చూడటం నాకు కష్టం కాదు.

"నర్సమ్మ జెప్పింది..." అంది చివరికి.

"నర్సమ్మ నా కాన్పుకు గూడ అదే వాడకట్టుల ఉండె. నువ్వు అడగలె. నీ బిడ్డకైతె అడిగినవ్."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం సీసాలో మిగిలిన నీళ్లు అలాగే ఉన్నాయి. తాగలేదు.

వాపు దిగింది. మొదట పొట్ట, తర్వాత పిక్కలు, ఆఖరికి పాదాలు. పట్టీలు జారిపోయేంత సన్నబడ్డాయి కాళ్లు. గడప దాకా నడిచి వక్కాకు నములుతూ కూర్చోసాగింది. డాక్టరు ఆశ్చర్యపోయి, "మీ కోడలు మిమ్ముల బతికిచ్చుకుంది" అన్నాడు. సావిత్రి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వాడకట్టులో ఆడవాళ్లు కోడళ్లకు నన్ను చూపించి బుద్ధులు చెప్పేవాళ్లు. ప్రేమగా చూసుకున్న కొడుకు చేతిలో ఆమె చనిపోయేది. పగబట్టిన నా చేతిలో బతికింది. ఈ సంగతి పూర్తిగా తెలిసినవాళ్లం ఆ ఇంట్లో ఇద్దరమే, ఆమె, నేను. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మేవాళ్లూ లేరు.

ఆ తర్వాత మా మరిదికి పెళ్లయింది. నా తోడికోడలు లక్ష్మి బోధన్ దవాఖానాలోనే కన్నది. ఆడపిల్ల. ఇంటికి తీసుకొచ్చారు, సాయానికి ఆమె తల్లి కూడా వచ్చింది. నడింట్లో మంచం వేసి పడుకోబెట్టారు. ముద్ద తిన్నాక లక్ష్మి నీళ్లడిగితే, ఆమె తల్లి, "ఇయ్యాల్టికి వద్దు బిడ్డా, వాము నములు" అంది. నేను లేచేలోపే పక్కగదిలోంచి అత్తమ్మ గొంతు వినబడింది. అంత గట్టిగా ఆమె మాట్లాడి చాలా ఏళ్లయింది.

"దానికి నీళ్లియ్యుండ్రి!"

వియ్యపురాలు బిత్తరపోయింది. "బాలింత గదా వదినా, నీరు పడ్తది..."

"పడది. నేను జెప్తున్న. గంగామణీ, చెంబెడు తే."

తెచ్చాను. అత్తమ్మ గోడ పట్టుకుని నడిచొచ్చి గడపలో నిలబడింది. లక్ష్మి తాగుతుంటే ఆమె గొంతునే చూస్తూ, "ఇంకిన్ని పొయ్యి" అంది. పోశాను. ఆ పూట ఆ ఇంట్లో ఒక బిడ్డ బతుకు తేలికైంది. దానికి నేను సంతోషించాలి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క మాట ఆమె నోట్లో ఉంది. ఎప్పుడూ ఉంది. అది నా కోసం రాలేదు, నా బిడ్డ కోసం రాలేదు.

వంటింట్లో చెంబు బోర్లిస్తుంటే అత్తమ్మ వెనకాలే వచ్చింది. గడప మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది. "ఇగ పోనియ్యి బిడ్డా" అంది. నన్ను ఆమె బిడ్డా అనడం అదే మొదలు.

"పోనియ్య అత్తమ్మా" అన్నాను.

ఆమె కోప్పడలేదు. ఏడవలేదు. గోడ పట్టుకుని లేచి తన గదిలోకి పోయింది. మరునాడు పొద్దున్నే నేను సీసా నింపి, గ్లాసెడు వంచి, మిగిలినవి ఆమె మంచం దగ్గర పెట్టాను. ఆమె చూసి, తలూపింది. అట్లా ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఆ రోజు తర్వాత ఒక్కనాడూ ఎక్కువ అడగలేదు. నేనూ పొయ్యలేదు.